డ్రాలలో చేజారిన సీజన్

సంపాదకులకు నమస్కారం.

అమెరికా విశ్వవిద్యాలయాల మహిళల సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) జాతీయ టోర్నీకి ఎంపికైన 64 జట్లలో ఈసారి మా జట్టు లేదు. కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచుకొనే లీగ్) టోర్నీ తొలి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టిన జట్టుకు ఆ పిలుపు వస్తుందని గట్టిగా నమ్మినవాళ్ళు మాలో తక్కువమందే అయినా, జాబితా ప్రకటించే సాయంత్రం వరకూ ఆశ పూర్తిగా చావలేదు. అదీ తీరిపోయినప్పటి నుంచి మా ఊళ్ళో ఇద్దరు అభిమానులు ఎదురుపడితే వినిపించే మాట ఒక్కటే: కోచ్‌ను మార్చాలి. నేను ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకొని, ఉద్యోగరీత్యా అక్కడే స్థిరపడి, చాలా ఏళ్ళుగా ఆ జట్టు మ్యాచ్‌లు చూస్తూ వస్తున్నదాన్ని. మా స్టాండ్లలో తెలుగు కుటుంబాలు కనిపించడం ఇప్పుడు వింత కాదు. వారిలో పలువురు తమ ఆడపిల్లలను క్లబ్ సాకర్‌లో చేర్పించి, రేపు వాళ్ళూ కాలేజీ జట్టుకు ఆడాలని కోరుకొంటున్నవాళ్ళు. కోచ్‌ను మార్చాలన్న మాట వారి నోట మరింత గట్టిగా వినిపిస్తోంది కనుకా, మీ పత్రిక వారి ఇళ్ళకు చేరుతుంది కనుకా ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. జట్టు పేరు రాయడం లేదు. ఇరవై ఏళ్ళు అటూ ఇటూగా ఉన్న అమ్మాయిలను పత్రికాముఖంగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు; పైగా నేను చెప్పబోయే విషయాల్లో ఎక్కువ భాగం ఆ దేశంలోని చాలా జట్లకు వర్తిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సీజన్‌ను మేము ఓటముల వల్ల కంటే డ్రాల వల్ల ఎక్కువగా పోగొట్టుకొన్నాం. ఆ డ్రాలకు మైదానంలో జరిగిన పొరపాట్లు కొంత కారణమైతే, సీజన్ మొదలు కాకముందే కార్యాలయ గదుల్లో జరిగిపోయిన నిర్ణయాలు అంతకు మించి కారణం. కోచ్‌కు ఇందులో భాగం లేదని నేను అనను. అయితే ఆయనొక్కడినీ పంపించేస్తే మిగతా లెక్క దానంతటదే సరిపోతుందన్న నమ్మకం నాకు లేదు.

ఈ పోటీల తీరు తెలియని పాఠకుల కోసం కొంచెం వివరించాలి. డివిజన్ వన్‌గా పిలిచే అగ్రశ్రేణిలో 340కి పైగా మహిళల జట్లు ఉన్నాయి. ఆగస్టు నడిమిలో మొదలయ్యే లీగ్ దశ నవంబరు మొదటికల్లా అయిపోతుంది. మూడు నెలలైనా నిండని ఆ వ్యవధిలో ఒక్కో జట్టు సుమారు 18 మ్యాచ్‌లు ఆడాలి. చాలా వారాల్లో గురువారం ఒకటి, ఆదివారం ఒకటి. ప్రొఫెషనల్ లీగుల్లో ఒక నెల ఆట బాగా లేకపోతే మిగతా నెలల్లో సర్దుకోవచ్చు. ఇక్కడ ఒక నెల అంటే సీజన్‌లో మూడో వంతుకు పైమాటే. కాన్ఫరెన్స్ విజేతలు జాతీయ టోర్నీకి నేరుగా వెళతారు. దాదాపు సగం స్థానాలు వారితోనే నిండిపోతాయి. మిగిలిన స్థానాలకు, విశ్వవిద్యాలయ క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ అనే సంస్థ తరఫున ఒక ఎంపిక సంఘం జట్లను పిలుస్తుంది. ఆ పిలుపు కోసం ఎదురుచూసే జట్ల గుంపులోనే మేము ఏళ్ళ తరబడి ఉంటున్నాం.

ఆ సంఘం ప్రధానంగా చూసే కొలమానాల్లో ఒకటి ఆర్‌పీఐ (రేటింగ్ పర్సంటేజ్ ఇండెక్స్). ఆ లెక్కలో జట్టు సొంత గెలుపు శాతానికి 25 శాతం విలువ మాత్రమే ఉంటుంది. ప్రత్యర్థుల గెలుపు శాతానికి 50 శాతం, ఆ ప్రత్యర్థులతో ఆడినవారి గెలుపు శాతానికి మిగిలిన 25 శాతం ఉంటాయి. అంటే లెక్కలో ముప్పాతిక భాగం మనం ఎలా ఆడామన్నదాని మీద కాక, ఎవరితో ఆడామన్నదాని మీద ఆధారపడుతుంది. మా జట్టు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సొంత మైదానంలో బలహీనమైన జట్లతో వరసగా ఆడి గెలిచింది. స్టాండ్లలో పండుగ వాతావరణం. స్కోరు బోర్డు చూస్తే కడుపు నిండేది. ఆ ప్రత్యర్థులు తమ తమ కాన్ఫరెన్సులకు తిరిగి వెళ్ళి వారాల తరబడి ఓడిపోతుంటే, మేము సంబరపడిన ఆ గెలుపుల విలువ కూడా వారితోపాటే కరిగిపోతూ వచ్చింది. కాన్ఫరెన్స్ బయట ఎవరితో ఆడాలో నిర్ణయించేది కోచ్, అథ్లెటిక్ శాఖ కలిసి. అదీ సీజన్‌కు చాలా నెలల ముందు. ఈ సంవత్సరం జట్టు పడిన తొలి తప్పటడుగు ఒక్క బంతి కూడా తన్నకముందే పడిందని నేను అనేది అందుకే. దీని గురించి మా అభిమానుల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. గెలిచిన మ్యాచ్ మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరికైనా నోరు రాదు కదా.

ఇక డ్రాల సంగతి. ఇదే అసలు విషయం కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను.

2022కు ముందు అమెరికా కాలేజీ సాకర్‌లో 90 నిమిషాల తరువాత స్కోరు సమంగా ఉంటే పదేసి నిమిషాల రెండు అదనపు భాగాలు ఆడించేవారు. అందులో ఎవరు ముందు గోల్ కొడితే వారిదే మ్యాచ్; ఆట అక్కడికక్కడే ఆగిపోయేది. 2022లో ఆ గోల్డెన్ గోల్ పద్ధతిని తీసేశారు. లీగ్ దశలో అదనపు సమయాన్నే ఎత్తేశారు. ఇప్పుడు అది టోర్నీ మ్యాచ్‌లకే పరిమితం. అక్కడ కూడా రెండు భాగాలూ పూర్తిగా ఆడాక తేలకపోతే పెనాల్టీ షూటౌట్‌కు వెళతారు. వారానికి రెండు మ్యాచ్‌లు ఆడుతూ మధ్యలో పరీక్షలు రాసే విద్యార్థినులకు ఇది మేలు చేసే మార్పే. అదనపు ఇరవై నిమిషాల అలసట కండరాల మీద, కీళ్ళ మీద ఎంత బరువు మోపుతుందో ఆ ఆట ఆడినవాళ్ళకు తెలుసు. కాబట్టి ఈ నిబంధనను నేను తప్పు పట్టడం లేదు. అందరికీ ఒకటే అయిన నిబంధన మీద నెపం వేస్తే ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది.

అయితే నిబంధన మారినప్పుడు ఆలోచన కూడా మారాలి. మా జట్టు ఆలోచన మారలేదు. స్కోరు సమంగా ఉన్న మ్యాచ్‌లలో డెబ్భయ్యో నిమిషం దాటగానే మా వింగ్ ప్లేయర్లు వెనక్కి వచ్చి డిఫెండర్ల పక్కన నిలబడేవారు. ముందు ఒంటరిగా మిగిలిన స్ట్రైకర్‌కు పొడవాటి బంతులు విసిరి, అవి ఎదుటివారి కాళ్ళకు చిక్కి తిరిగి వస్తుంటే మళ్ళీ అడ్డుకోవడం, మళ్ళీ విసరడం. చివరి ఇరవై నిమిషాలు ఇదే తంతు. పాత పద్ధతిలో దానికొక అర్థం ఉండేది: ఊపిరి పీల్చుకొని, అదనపు సమయంలో ఒక్క అవకాశం కోసం కాచుకోవచ్చు. ఇప్పుడు కాచుకోవడానికి ఏమీ మిగలలేదు. కాలేజీ సాకర్‌లో గడియారం వెనక్కి నడుస్తుంది. స్టేడియంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ మిగిలిన క్షణాలు కనిపిస్తూనే ఉంటాయి. నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా, సొంత మైదానంలో, తమకంటే కింది స్థానంలో ఉన్న జట్టు మీద మా అమ్మాయిలు బంతిని కార్నర్ జెండా దగ్గర దాచుకొంటూ కాలయాపన చేయడం చూసినప్పుడు, ఇది ఆ పిల్లల ఆలోచన కాదని, వారికి అందిన ఆదేశమని అర్థమైంది. డ్రా అయితే ఓడలేదన్న ఊరట ఉంటుంది నిజమే. ఎంపిక సంఘం ముందున్న కాగితంలో ఆ ఊరటకు పెట్టే గడి లేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. 2022 డిసెంబరులో నార్త్ కరోలినాలోని కేరీలో జరిగిన జాతీయ ఫైనల్లో, పది నిమిషాల చిల్లర ఆట మిగిలేవరకూ యూసీఎల్ఏ (లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చేతిలో 0–2తో వెనకబడి ఉంది. ఒక గోల్ తిరిగి వచ్చింది. రెండోది గడియారంలో 16 సెకన్లు మిగిలి ఉండగా వచ్చింది. అదనపు సమయంలో యూసీఎల్ఏ 3–2తో కప్పు గెలిచింది. చివరి నిమిషాలను ఎలా వాడుకోవాలో చెప్పడానికి ఇంతకంటే వేరే పాఠం అక్కర్లేదు. వెనకబడిన జట్టుకు తెగింపు దానంతటదే వస్తుంది, సమంగా ఉన్న జట్టుకు దాన్ని నేర్పాలి. అది నేర్పే పని కోచ్‌దే. ఈ విషయంలో ఆయనను విమర్శిస్తున్న మిత్రులతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కార్నర్ కిక్‌లు వృథా అవుతున్నాయని సెప్టెంబరులోనే అందరికీ కనిపించినా, అక్టోబరు చివరి వరకూ అదే అమ్మాయి చేత, అదే స్తంభం వైపు, అదే ఎత్తులో కొట్టించడం కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది.

అయినా చివరి ఇరవై నిమిషాల కథ కోచ్ మాటతోనే ముగియదు. కాలేజీ మహిళల సాకర్‌లో మార్పుల నిబంధన అంతర్జాతీయ ఫుట్‌బాల్ కంటే చాలా ఉదారంగా ఉంటుంది: మొదటి భాగంలో బయటికి వచ్చిన క్రీడాకారిణి ఆ భాగంలో మళ్ళీ దిగకూడదు కానీ, రెండో భాగంలో బయటికి వచ్చినా ఒకసారి తిరిగి దిగవచ్చు. బెంచి బలంగా ఉన్న జట్టు ముగ్గురేసి, నలుగురేసి తాజా కాళ్ళను దింపుతూ ఎదుటివారిని ఊపిరి తిప్పుకోనివ్వదు. మా బెంచి మీద అలా దిగగలిగినవాళ్ళు లేరు. ఉన్న కొద్దిమందిలో కొందరు నిన్నగాక మొన్న హైస్కూలు దాటి వచ్చినవాళ్ళు. డెబ్భయ్యో నిమిషంలో జట్టు వెనక్కి జారిపోవడానికి సగం కారణం ఆదేశమైతే, మిగతా సగం అలసట.

మరి ఆ బెంచి అంత పలచబడిందెందుకు? ముందు సంవత్సరం మా జట్టులో మధ్య వరసకు వెన్నెముకలా నిలిచినవాళ్ళలో కొందరు చదువు ముగించుకొని వెళ్ళారు. అది ప్రతి ఏటా ఉండేదే. ఇంకొందరు వేరే విశ్వవిద్యాలయాలకు మారిపోయారు. ఇది ఈ కాలపు సంగతి. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కళాశాల మారదలచుకొన్న క్రీడాకారులు పేరు నమోదు చేసుకొనే జాబితా, వచ్చింది. 2021లో, ఏ క్రీడలోనైనా ఒకసారి కళాశాల మారినవారు ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండనక్కరలేదన్నారు. 2024లో, చదువులో నిలబడి ఉన్నంతకాలం, ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చన్నారు. ఆడేవాళ్ళ పక్షాన చూస్తే ఇది న్యాయమే. కోచ్‌లు ఎప్పుడు కావాలంటే అప్పుడు పెద్ద జీతానికి వేరే చోటికి వెళ్ళిపోవచ్చు గానీ, పంతొమ్మిదేళ్ళ అమ్మాయి మాత్రం బెంచి మీదే కూర్చుని ఋణం తీర్చుకోవాలనడం ఏ పద్ధతి? పోయినవాళ్ళను ద్రోహులన్నట్టు మాట్లాడే అభిమానులు కొందరు మాలో ఉన్నారు. వారి మాట నాకు నచ్చదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఇద్దరు వెళ్ళిన చోటికి అదే పోర్టల్ నుంచి ఇద్దరిని తెచ్చుకోవడానికి మా విశ్వవిద్యాలయం ఏ ప్రయత్నం చేసింది?

ఈ ప్రశ్న నేరుగా డబ్బు దగ్గరికి తీసుకువెళుతుంది. చాలాకాలంగా డివిజన్ వన్ మహిళల సాకర్ జట్టుకు పూర్తి స్కాలర్‌షిప్‌ల పరిమితి 14 మాత్రమే. వాటినే ముక్కలు చేసి ఇరవై, ముప్పై మందికి పంచేవారు. 2025 జూన్‌లో ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ కేసు (తమకు చెల్లింపులు రావాలని క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) ఒప్పందంతో ఆ పరిమితి పోయి, దాని స్థానంలో జట్టులో ఎంతమంది ఉండవచ్చన్న పరిమితి వచ్చింది. సాకర్‌కు అది 28. ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయం ఇష్టపడితే ఆ 28 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇష్టపడితే అన్న మాట దగ్గరే మా జట్టు చిక్కుకొంది. అదే ఒప్పందం ప్రకారం 2025–26లో ఒక్కో విశ్వవిద్యాలయం క్రీడాకారులకు నేరుగా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకూ పంచవచ్చు. ఆ సొమ్ములో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు వెళుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. టికెట్ల మీద, టెలివిజన్ మీద ఆదాయం తెచ్చేవి అవేనన్నది దానికి చెప్పే సమర్థన. తమ మహిళల జట్టుకు స్కాలర్‌షిప్‌లు పెంచిన విశ్వవిద్యాలయాలతో, పెంచని విశ్వవిద్యాలయం ఒకే పోర్టల్‌లో పోటీ పడాలి. మా అథ్లెటిక్ శాఖ ఏ వైపు నిలబడిందో మాకు ఎవరూ చెప్పలేదు. ఇదివరకు జట్టులో ముప్పై మందికి పైగా ఉంటే, స్కాలర్‌షిప్ లేకుండానే ఆట మీది మమకారంతో వచ్చి చేరి, మూడో ఏటికి మంచి డిఫెండర్‌గా ఎదిగిన అమ్మాయిలు ఉండేవారు. 28 దగ్గర గీత గీశాక అటువంటివారికి తలుపు దాదాపు మూసుకుపోయింది. మా బెంచి పలచబడడంలో దీనికీ కొంత పాత్ర ఉంది.

గాయాల విషయం క్లుప్తంగా చెబుతాను. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం ఈ ఆటలో పురుషులకంటే స్త్రీలకు ఎక్కువగా జరుగుతుందని క్రీడావైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఒకసారి తెగితే తిరిగి మైదానంలో దిగడానికి సాధారణంగా తొమ్మిది నెలలో, అంతకు మించో పడుతుంది. మూడు నెలల సీజన్‌లో అటువంటి గాయం తగిలిన అమ్మాయికి ఆ ఏడాది పోయినట్టే. మా జట్టు మధ్యలో ఆటను నడిపించే అమ్మాయి సెప్టెంబరులో అలాగే దూరమైంది. ఆమె ఉన్నప్పుడు డిఫెండర్ల దగ్గర మొదలైన బంతి మూడు, నాలుగు పాస్‌లలో గోల్ పెట్టె అంచుకు చేరేది. ఆమె లేనప్పుడు పైన చెప్పిన పొడవాటి బంతులు మొదలయ్యాయి. ఒక్కరి మీద అంతగా ఆధారపడిన ఆటతీరు లోపమే అనుకోవచ్చు, అనుకోవాలి కూడా. గాయం వివరాలు బయటపెట్టలేదని జట్టు యాజమాన్యం మీద విరుచుకుపడిన అభిమానులతో మాత్రం నేను కలవను. ఆమె మోకాలు ఆమె సొంత విషయం.

కోచ్ మార్పు కోరే మిత్రులు చూపే ఉదాహరణలు బలహీనమైనవి కావు. 2022లో యూసీఎల్ఏకు కప్పు తెచ్చిన మార్గరీట్ అయోజాసాకు ప్రధాన కోచ్‌గా అక్కడ అదే మొదటి సంవత్సరం. 2021లో కప్పు గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌లో మార్క్ క్రికోరియన్ తప్పుకొన్నాక బ్రయన్ పెన్‌స్కీ వచ్చారు. 2023లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వెళ్ళి, ఫైనల్లో స్టాన్‌ఫర్డ్‌ను 5–1తో ఓడించింది. నార్త్ కరోలినాలో దశాబ్దాల పాటు జట్టును నడిపిన ఆన్సన్ డోరన్స్ 2024 ఆగస్టులో, సీజన్ ముంగిట, విశ్రాంతి తీసుకొంటున్నట్టు ప్రకటించగా, ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన డేమన్ నహాస్ తాత్కాలికంగా బాధ్యత తీసుకొని అదే ఏడాది జాతీయ టోర్నీ గెలిపించారు. కొత్త మనిషి వస్తే కొత్త ఫలితం రావచ్చన్నమాట నిజమే.

కానీ ఆ మూడు చోట్లా కొత్త కోచ్ అడుగుపెట్టేసరికి ఇల్లు కట్టి ఉంది. క్రీడాకారిణులు ఉన్నారు, వారి వెనుక డబ్బు ఉంది, ఆ చొక్కా వేసుకోవాలని దేశం నలుమూలల నుంచి వచ్చే అమ్మాయిలు ఉన్నారు. మా దగ్గర ఆ మూడింటిలో ఏది ఎంత ఉందో నిజాయితీగా లెక్క వేసుకోవాలి. మిత్రులు చెప్పని భాగం ఇంకొకటి ఉంది. ఎన్‌సీఏఏ మహిళల టోర్నీ 1982లో మొదలైతే, నార్త్ కరోలినా 1986 నుంచి 1994 వరకు వరసగా తొమ్మిదిసార్లు గెలిచింది. మొత్తం మీద ఆ జట్టువి 22 ఎన్‌సీఏఏ టైటిళ్ళు. అంతటి జట్టు కూడా 2012 తరువాత మళ్ళీ గెలవడానికి 2024 వరకు ఆగింది. మధ్యలో 2018, 2019, 2022 ఫైనళ్ళలో ఓడిపోయింది. ఆ నిరీక్షణ కాలమంతా, 2024 ఆగస్టు వరకూ, డోరన్స్ ఆ పదవిలోనే ఉన్నారు. 2022 విజేత యూసీఎల్ఏ మరుసటి ఏడాది అగ్రస్థానపు సీడింగ్‌తో వచ్చి, సొంత మైదానంలో, తొలి రౌండులోనే యూసీ అర్వైన్ చేతిలో 0–1తో ఇంటికి పోయింది. అక్కడ అయోజాసాను ఎవరూ బయటికి పంపలేదు. 2002లోనూ, 2005లోనూ కప్పు గెలిచి, క్రిస్టీన్ సింక్లెయిర్, మేగన్ రపినో వంటి అంతర్జాతీయ క్రీడాకారిణులను ప్రపంచానికి ఇచ్చిన పోర్ట్‌లండ్ విశ్వవిద్యాలయం ఆ తరువాత మళ్ళీ కప్పు ముట్టుకోలేదు. ఆ చిన్న విశ్వవిద్యాలయంలో అంతటి జట్టును కట్టిన క్లైవ్ చార్ల్స్ 2003లో చనిపోయారు. రెండో కప్పును ఆయన చూడలేదు. ఈ ఆటలో పైకి వెళ్ళిన జట్టు పైనే ఉంటుందన్న హామీ ఎవరికీ లేదు. ఎన్నడూ శిఖరం చేరని మాకు ఆ హామీ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

ప్రయాణాల గురించి కూడా అభిమానులు తక్కువగా మాట్లాడుతున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ టెలివిజన్ ఒప్పందాల కోసం కాన్ఫరెన్సులు విడిపోయి కలిసిపోవడం వల్ల 2024 నుంచి పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా జట్లు అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. యూసీఎల్ఏ, యూఎస్‌సీ, ఆరెగన్, వాషింగ్టన్ జట్లు బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌లోకి వెళ్ళాయి. శనివారం ఒక్క మ్యాచ్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ప్రత్యేక విమానం సరిపోతుంది. గురువారం ఒక చోట, ఆదివారం మరొక చోట ఆడి సోమవారం పొద్దున్న ప్రయోగశాల తరగతికి హాజరు కావలసిన సాకర్ అమ్మాయికి అదే మార్పు నిద్ర లేమిగా మారుతుంది. మా కాన్ఫరెన్స్ కూడా విస్తరించింది. ప్రయాణం చేసి వచ్చిన ఆదివారాల్లో మేము ఎన్ని గోల్స్ కొట్టామో చూస్తే, మార్పు కోరేవారికి ఇంకొక కోణం కనిపిస్తుంది.

స్టాండ్లలో మా ప్రవర్తన గురించి ఒక్క మాట. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం వల్ల ఫెడరల్ నిధులు తీసుకొనే విద్యాసంస్థలు ఆడపిల్లలకు ఆటల్లో సమాన అవకాశం ఇవ్వవలసి వచ్చింది; ఈ రోజు మన అమ్మాయిలు ఆశపడుతున్న ఈ స్కాలర్‌షిప్‌లు దాని ఫలమే. అయితే కుర్చీలు నింపమని ఏ చట్టమూ ఎవరినీ ఆజ్ఞాపించలేదు. సెప్టెంబరులో గెలుస్తున్నప్పుడు నిండిన మా స్టాండ్లు అక్టోబరులో సగం ఖాళీ అయ్యాయి. మిగిలినవారిలో కొందరు గోల్‌కీపర్‌ను పేరు పెట్టి అరిచారు. ఆమె తల్లిదండ్రులు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. జీతం తీసుకొనే కోచ్‌ను నిలదీయండి, ఆయనకు జీతమిచ్చే శాఖను ఇంకా గట్టిగా నిలదీయండి. బంతి చేతిలోంచి జారిందని ఏడుస్తున్న అమ్మాయి మీద గొంతు చించుకొనేవారికి, రేపు తమ బిడ్డ ఆ చొక్కా వేసుకొనే రోజున ఎదుటివారి నుంచి మర్యాద ఆశించే హక్కు ఉంటుందా? తెలుగు తల్లిదండ్రులను ఉద్దేశించి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. మన పిల్లల పరీక్షల మార్కుల మీద మనం చూపే ఆత్రుతే ఇక్కడ స్కోరు మీద కనిపిస్తోంది.

నేను కోరేది ఏమిటని అడుగుతారు. కోచ్‌కు ఇంకొక సంవత్సరం ఇవ్వాలి. ఊరికే కాదు: కాన్ఫరెన్స్ బయట వచ్చే ఏడాది ఎవరితో ఆడుతున్నారో, బలమైన జట్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని వారి మైదానంలో ఆడబోతున్నారో ఆయన ముందుగా చెప్పాలి. గోల్ చేసే మార్గం కోసం, ముఖ్యంగా కార్నర్, ఫ్రీ కిక్‌ల కోసం ప్రత్యేకంగా ఒక అసిస్టెంట్‌ను తెచ్చుకోవాలి. అథ్లెటిక్ డైరెక్టర్ అభిమానుల ముందుకు వచ్చి, ఆ 28 స్థానాలలో ఎన్నింటికి పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తున్నారో, జట్టుకు సొంతంగా ఫిజియో, కండర శిక్షకులు ఎందరున్నారో లెక్కలు చెప్పాలి. ఆ లెక్కలు బాగుండి కూడా వచ్చే అక్టోబరులో మా జట్టు డెబ్భయ్యో నిమిషానికి వెనక్కి జారిపోతూ ఉంటే, అప్పుడు కోచ్‌ను మార్చమని అడిగేవారిలో నేనూ ఉంటాను. లెక్కలే బాగా లేకపోతే, ఎవరు వచ్చి ఏం చేయగలరు? 2024లో అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్ఎల్, క్లబ్బులు వంతులవారీగా కాలేజీ క్రీడాకారిణులను ఎంచుకొనే డ్రాఫ్ట్ పద్ధతిని రద్దు చేసినప్పటి నుంచి ప్రొఫెషనల్ క్లబ్బులు తమకు నచ్చిన అమ్మాయితో నేరుగా ఒప్పందం చేసుకొంటున్నాయి. కాలేజీ చదువు పూర్తికాక ముందే వెళ్ళిపోయేవారు ఇక ముందు పెరుగుతారు. నిలబెట్టుకోవడం తెలియని విశ్వవిద్యాలయానికి ప్రతి వేసవీ ఇదే గోడు.

చివరిగా సంపాదకులకు ఒక విన్నపం. విశ్వవిద్యాలయ క్రీడల గురించి రాసేటప్పుడు మహిళల సాకర్‌కు నవంబరు ఫలితాల దాకా ఆగకుండా సెప్టెంబరులోనే కొంత చోటు ఇవ్వగలిగితే, అమెరికాలోని మీ పాఠకులకు ఏ జట్టు ఎవరితో ఆడుతోందో, ఆ గెలుపులకు విలువ ఎంతో ముందుగానే తెలుస్తుంది. అభిమాన మిత్రులకు కూడా ఒక విన్నపం: వసంతకాలంలో జట్టు కొన్ని ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడుతుంది. వాటి ఫలితం ఏ పట్టికలోనూ చేరదు, ప్రవేశం చాలాచోట్ల ఉచితమే. గాయపడిన అమ్మాయి లేకుండా మధ్య వరసను కోచ్ ఎలా పేరుస్తున్నారో, సమంగా ఉన్న స్కోరుతో చివరి పావుగంటలో వింగ్ ప్లేయర్లు ఎటు పరుగెడుతున్నారో అక్కడే కనిపిస్తుంది. కోచ్ మీద తీర్పు చెప్పదలచుకొన్నవారు ముందు ఆ మ్యాచ్‌లకు రండి.

ఇట్లు,
భవదీయురాలు,
మీ పాఠకురాలు, ఆ జట్టు అభిమాని